పాదచారులు – పూర్వ యాత్రికుల దినచర్యలు

దూరపు కాలినడకకు సిద్ధపడే యువకులు పటం చూచుకొంటారు, మూట బరువు తూచుకొంటారు. పూర్వ యాత్రికుల దినచర్యలను కూడా చదువవలెనని మా సూచన. ఉర్దూ సఫర్‌నామాలకు, ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రకు అలవాటుపడిన మన పాఠకులకు ఇట్టి గ్రంథాలు కొత్త కావు. అయితే వాటిని సాహిత్యంగా చదివినామే గాని, నడిచేవాని కళ్లతో చదువలేదు.

మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్ అను అమెరికా సైనికాధికారుల దినచర్యలనే తీసుకొందాము. అధ్యక్షుడు జెఫర్సన్ పంపగా వీరి దళం 1804 నుండి 1806 వరకు మిస్సోరి నది వెంట సాగి, పర్వతాలు దాటి, పసిఫిక్ తీరం చేరి తిరిగివచ్చినది. 1805లో మిస్సోరి జలపాతాల వద్ద పడవలను, సామానును సుమారు 18 మైళ్లు నేలమీదుగా తరలించవలసివచ్చినది. నాగజెముడు ముళ్లు మెత్తని తోలు పాదరక్షలను చీల్చి పాదాలలో దిగినవి. అప్పుడు అడుగుతోలు రెండు పొరలుగా కుట్టుకొన్నారు. పాఠ్యగ్రంథాలు విడిచిపెట్టే ఈ చిన్న సంగతులే నడిచేవానికి కావలసినవి.

అంతకంటె విలువైనది 1806 జూన్ నాటి ఘట్టం. తిరుగు ప్రయాణంలో బిట్టర్‌రూట్ పర్వతాలు దాటవలెను. ముందటి సెప్టెంబరులో అక్కడే ఆకలికి తాళలేక గుర్రప్పిల్లలను చంపి తిన్నారు. మంచు ఇంకా కరగలేదు, ఆగండని స్థానికులైన నెజ్ పెర్స్ ప్రజలు చెప్పినా వినక, మార్గదర్శి లేకుండానే జూన్ 15న బయలుదేరినారు. 17వ తేదీన 12 నుండి 15 అడుగుల మంచు ఎదురైనది. దారి కానరాదు, గుర్రాలకు మేత లేదు. ముందుకు పోయి దారి తప్పితే గుర్రాలతోపాటు సామాను, కాగితాలు, బహుశా ప్రాణాలు కూడా పోవును. సామానులో అధికభాగాన్ని, పరికరాలను, కాగితాలను అక్కడే ఎత్తున భద్రపరచి వెనుకకు మరలినారు. ఇంత దీర్ఘయాత్రలో వెనుదిరుగుట ఇదే మొదటిసారి అని లూయిస్ దాచకుండా వ్రాసుకొన్నాడు. తరువాత నెజ్ పెర్స్ యువకులు దారి చూపగా 24న బయలుదేరి 30వ తేదీకి ఆవలికి చేరినారు. మునుపు అదే దారికి 11 రోజులు పట్టినది!

వీరిని దారి కనుగొన్నవారనుట మాకు సమ్మతం కాదు. ఆ దారి నెజ్ పెర్స్‌ల పాదాలు తొక్కినదే. మంచు కింద దాగిన బాటను వారు పోల్చుకొన్న నేర్పును లూయిస్ కూడా మెచ్చుకొన్నాడు.

కొండయాత్రలో మధ్యనుండి మరలివచ్చిన విద్యార్థిని తోటివారు ఎగతాళి చేయుట మేము చూచినాము. అట్టివారు ఈ దినచర్యలను చదువునపుడు, నడిచిన మైళ్లను, నాటి వాతావరణాన్ని పక్కపక్కన ఒక కాగితంపై వ్రాసుకొనవలెను. ఏ రోజు దూరం ఎందుకు తగ్గినదో తెలిసివచ్చును. సంపుటాలన్నీ ఒకేసారి చదువనక్కరలేదు. 1806 జూన్ 10 నుండి 30 వరకు గల పుటలతో మొదలుపెట్టవచ్చును.