లేని గ్రహానికో గతం

కంప్యూటర్ తెర మీద గ్రహాన్ని సృష్టించడమంటే ఒక నున్నని గోళాన్ని తీసుకుని దానికి ఒక బొమ్మను చుట్టబెట్టడమే. ఆ బొమ్మను గ్రాఫిక్స్ పరిభాషలో టెక్స్చర్ అంటారు. సినిమాలకూ వీడియో ఆటలకూ ఈ పని చేసేవారు వృత్తి నిపుణులు కాగా, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా తీరిక వేళల్లో ఎక్కడా లేని గ్రహాలకు నేలనూ సముద్రాలనూ కల్పించే ఔత్సాహికులు కూడా అనేక దేశాల్లో ఉన్నారు. 2001లో క్రిస్ లారెల్ విడుదల చేసిన సెలెస్టియా అనే ఉచిత అంతరిక్ష విహార సాఫ్ట్‌వేర్, ఎవరు తయారుచేసిన టెక్స్చర్‌నైనా తనలో చేర్చుకునే వీలు కల్పించడంతో ఈ అభిరుచికి మంచి ఊతం దొరికింది. బొమ్మ గీయడానికి గింప్, దాన్ని గోళానికి చుట్టి వెలుగునీడలు సరిచూసుకోవడానికి బ్లెండర్ ఉచితంగానే లభిస్తాయి కనుక సాధనాలకు కొదవ లేదు. అయినా ఔత్సాహికుల గ్రహాల్లో ఎక్కువ భాగం చూసీ చూడగానే కృత్రిమంగా తోస్తాయి. అందుకు కారణం వివరాలు తక్కువ కావడం కాదు, ఆ నేల మీద ఏ గుర్తు ముందు పడిందో, ఏది తరువాత పడిందో, ఎందుకు పడిందో ఎవరూ ఆలోచించకపోవడం.

మొదటి చిక్కు గోళాన్ని చదును చేయడంలోనే ఉంది. సాధారణంగా వాడే పటంలో రేఖాంశాలు అడ్డంగా 360 డిగ్రీలూ అక్షాంశాలు నిలువుగా 180 డిగ్రీలూ సమాన దూరాల్లో పరుచుకుంటాయి కాబట్టి బొమ్మ వెడల్పు దాని ఎత్తుకు సరిగ్గా రెట్టింపు ఉంటుంది. క్రీ.శ. 100 ప్రాంతానికి చెందిన టైర్ నగరవాసి మారినస్ ఈ పద్ధతికి ఆద్యుడని టాలెమీ చెప్పాడు. లెక్కకు ఇది సులువే గాని, భూమధ్యరేఖ మీద ఎన్ని పిక్సెళ్లు, అంటే బొమ్మలోని అతి చిన్న చుక్కలు, ఉంటాయో 60 డిగ్రీల అక్షాంశం మీద కూడా అన్నే ఉంటాయి, అక్కడ గోళం చుట్టుకొలత మాత్రం సగానికి పడిపోతుంది. ధ్రువం దగ్గర ఒక వరుస వరుసంతా ఒకే బిందువులోకి కుంచించుకుపోతుంది. అందువల్ల కాగితం మీద ముచ్చటగా గుండ్రంగా గీసిన బిలం, ధ్రువప్రాంతంలో గోళానికి అతికాక ఉత్తర దక్షిణాలుగా సాగిపోయి కనిపిస్తుంది. బొమ్మ కుడి అంచు, ఎడమ అంచు ఒకదానితో ఒకటి కలవకపోతే గ్రహానికి నిలువునా ఒక అతుకు తేలుతుంది.

ఈ రెండు దోషాలనూ ఒకేసారి తొలగించే ఉపాయం 1980ల నాటి ఒక ఆవిష్కరణలో ఉంది. ప్రతి పిక్సెల్‌కూ విడివిడిగా ఒక యాదృచ్ఛిక సంఖ్యను కేటాయిస్తే వచ్చేది నేల కాదు, సిగ్నల్ అందని పాత టీవీ తెర. 'ట్రాన్' సినిమాకు పనిచేసిన కెన్ పెర్లిన్, కంప్యూటర్ బొమ్మల్లోని యాంత్రికత నచ్చక, క్రమమైన గడుల మూలల్లో మాత్రమే యాదృచ్ఛికమైన వాలును నిర్ణయించి, మధ్య భాగాన్ని నున్నగా కలుపుకుంటూ పోయే పద్ధతిని 1983లో రూపొందించి 1985లో ప్రచురించాడు. పెర్లిన్ నాయిస్‌గా పేరుపడిన ఈ పద్ధతికి 1997లో ఆస్కార్ సాంకేతిక పురస్కారం లభించింది. మొదటి పొరలో మెల్లగా పడిలేచే పెద్ద ఎత్తుపల్లాలను పరిచి, దాని మీద రెట్టింపు సూక్ష్మతా సగం ఎత్తూ గల రెండో పొరను, ఆపై అదే నిష్పత్తిలో మరికొన్ని పొరలను చేర్చుకుంటూ పోతే, ఖండం నుంచి వాగు గట్టు దాకా ఏ స్థాయిలో చూసినా ఒకే రకం గరుకుదనం గల నేల తయారవుతుంది. బెన్వా మాండెల్‌బ్రాట్ ఫ్రాక్టల్ అని పేరుపెట్టిన లక్షణం ఇదే. ఈ నాయిస్‌ను చదునైన బొమ్మ మీద కాకుండా మూడు కొలతల అంతరాళంలో లెక్కించి, గోళపు ఉపరితలం ఆ అంతరాళాన్ని ఎక్కడ తాకుతుందో అక్కడి విలువను మాత్రమే తీసుకుంటే, ధ్రువాల దగ్గర సాగుడూ ఉండదు, అతుకూ ఉండదు.

ఇక్కడితో ఆగిపోయిన గ్రహాలు లెక్కలేనన్ని. నాయిస్‌కు కాలమంటే తెలియదు. అందులో ప్రతి బిందువూ ఒకే క్షణంలో పుడుతుంది. ఆ లోపం ముందుగా ఎత్తుల పంపకంలో బయటపడుతుంది. యాదృచ్ఛికమైన విలువలను ఎన్నో కలిపితే వచ్చే నేలలో అధిక భాగం సగటు ఎత్తు చుట్టూనే గుమిగూడుతుంది. భూమి అలా లేదు. భూమి మీద విస్తారమైన మట్టాలు రెండు ఉన్నాయి: నేల సగటు ఎత్తు సుమారు 840 మీటర్లు కాగా, సముద్రపు సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. ఖండాల కింది పటలం గ్రానైట్ జాతి శిలలతో తేలికగా, మందంగా ఉండటమూ, సముద్రాల కింది పటలం బసాల్ట్‌తో బరువుగా, పలుచగా ఉండటమూ దీనికి మూలం. అందుకే ఈ అభిరుచిలో ఆరితేరినవారు తీరరేఖను ముందుగా గీయరు. భూగర్భ శాస్త్రజ్ఞుల కోసం తయారైన జీప్లేట్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఊహా ఫలకాలను, అంటే పటలపు కదిలే ముక్కలను, కోట్ల సంవత్సరాల పాటు జరిపి, అవి ఢీకొన్న చోట పర్వతశ్రేణులనూ, విడిపోయిన చోట సముద్రాలనూ ఏర్పరిచి, ఆ తరువాతే ఆ అస్థిపంజరం మీద నాయిస్‌ను కప్పుతారు.

నదుల విషయంలో నాయిస్ మరింత ఘోరంగా విఫలమవుతుంది. దాని నేల నిండా దారి లేని గుంటలే కాబట్టి, పడిన వాన సముద్రం దాకా చేరదు. జో స్లేటన్ రాసిన విల్బర్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికే ప్రసిద్ధి: అది ముందు గుంటలను పూడ్చి, ఆపై ఏ బిందువు గుండా ఎంత నీరు పారుతుందో లెక్కగట్టి, ఆ మేరకు నేలను కోస్తుంది. నిజమైన నదులు ఒకదానిలో ఒకటి కలుస్తాయే తప్ప సాధారణంగా చీలవు, చీలితే ఎక్కువగా డెల్టాలోనే చీలుతాయి; ఒక సముద్రంలో మొదలై ఖండాన్ని దాటి మరో సముద్రంలో ముగిసే నదిని గీసిన ఔత్సాహికులకూ కొదవ లేదు. గోదావరి చరిత్ర తెలియనివారికి దాని పటం కూడా ఇలాంటి పొరపాటులాగే కనిపించవచ్చు, ఎందుకంటే అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలోనే త్ర్యంబకం వద్ద పుట్టిన నది, దాన్ని కాదని 1,465 కిలోమీటర్లు తూర్పుకు ప్రయాణించి, ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది. ద్వీపకల్పం పడమటి అంచు పైకి లేచి, నేలంతా తూర్పుకు వాలి ఉందన్న ఒక్క వాస్తవం తోడైతే ఆ వింత దారి అనివార్యమవుతుంది. ఊహాగ్రహంలో కూడా వింత దారులు ఉండవచ్చు, వాలు ముందు కుదరాలి.

వాలు కుదిరాక వర్షం. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి తేమను అక్కడే కురిపించి, 30 డిగ్రీల అక్షాంశాల దగ్గర పొడిగా దిగుతుంది కాబట్టి సహారా వంటి ఎడారులు ఆ పట్టీలో ఉంటాయి. కొండలు దీన్ని మళ్లీ మారుస్తాయి: పశ్చిమ కనుమల మీది ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, అదే కనుమల వర్షచ్ఛాయలో, అంటే తేమను కొండలు ముందే పిండేసుకున్న గాలి వీచే వైపున, ఉన్న అనంతపురానికి దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లు. గాలి వీచే దిక్కు తెలియకుండా పర్వతానికి రెండు వైపులా ఒకే పచ్చ రంగు పులిమిన పటం అక్కడే పట్టుబడిపోతుంది.

గాలీ నీరూ లేని లోకాల్లో గతాన్ని బిలాలు చెబుతాయి. ఉల్కలు ఢీకొని ఏర్పడే ఈ గుంటల్లో చిన్నవి అసంఖ్యాకం, పెద్దవి అరుదు. ఒకే పరిమాణంలో, ఒకే పదునుతో ముద్రలు గుద్దినట్టు పరిచిన బిలాలు కొత్తవారి పనిని ఇట్టే చాటుతాయి. చంద్రుడి మీద సుమారు 15 నుంచి 20 కిలోమీటర్ల లోపు బిలాలు గిన్నె ఆకారంలో ఉంటాయి, అంతకు పెద్దవాటిలో నేల తిరిగి ఉబికి నడుమ శిఖరం లేస్తుంది. గురుత్వం ఎక్కువైన భూమి మీద ఈ మార్పు కొద్ది కిలోమీటర్ల వెడల్పు దగ్గరే వస్తుంది. మహారాష్ట్రలోని లోనార్ బిలం 1.8 కిలోమీటర్లదే కాబట్టి గిన్నె రూపంలోనే మిగిలింది. కనుక శిఖరం గీయాలో వద్దో తేల్చుకోవడానికి ముందు గ్రహపు గురుత్వాన్ని నిర్ణయించుకోక తప్పదు. సుమారు 85 కిలోమీటర్ల వెడల్పున్న టైకో బిలం చుట్టూ తెల్లని కిరణాల వంటి చారలున్నది అది ఇటీవలిది కాబట్టి. ఆ 'ఇటీవల' విలువ సుమారు 10.8 కోట్ల సంవత్సరాలు. పాతబిలాల చారలు మాసిపోతాయి, అంచులు కుంగుతాయి, కొత్త బిలం వాటి గట్టును కొరికేస్తుంది. గురుగ్రహపు ఉపగ్రహం అయో మీద అగ్నిపర్వతాలు నేలను ఎప్పటికప్పుడు కప్పేస్తున్నందువల్ల ఉల్కాబిలం ఒక్కటీ కనిపించదు.

రంగుల పటంలో వెలుగునీడలు గీయడం అనుభవజ్ఞులు కూడా చేసే తప్పు. రంగు పటం చెప్పవలసింది ఏ చోటు ఎంత కాంతిని ఏ రంగులో తిరిగి పంపుతుందన్నది మాత్రమే. నీడను సాఫ్ట్‌వేర్ సూర్యుడి దిక్కును బట్టి వేయాలి, అందుకోసం ఎత్తుల పటాన్ని విడిగా ఇవ్వాలి. గోళాన్ని కదపకుండా కాంతి లెక్కను మాత్రమే మార్చి గరుకుదనాన్ని భ్రమింపజేసే ఉపాయాన్ని జేమ్స్ బ్లిన్ 1978లో ప్రవేశపెట్టాడు. దీన్ని అతిగా వాడటం మాత్రం మానుకోవాలి: ఎవరెస్టు కొన నుంచి సముద్రపు అత్యంత లోతు దాకా ఉన్న తేడా దాదాపు 20 కిలోమీటర్లే కాబట్టి, భూమిని మీటరు వెడల్పు గోళంగా కుదిస్తే అది 1.6 మిల్లీమీటర్లకు మించదు. 2005లో నాసా విడుదల చేసిన 'బ్లూ మార్బుల్' భూపటంలో ఒక్కో పిక్సెల్ 500 మీటర్ల నేలకు సమానం కాబట్టి చాలామంది దాని ముక్కలనే కత్తిరించి అతికిస్తారు. అది దొంగతనం కాదు గాని, నైలు డెల్టాను తలకిందులు చేసినా గుర్తుపట్టేవారు ఉంటారు.

వాయుగ్రహాలకు నేల లేదు, కోత లేదు, అందుకే వాటిలో గతం కంటే ప్రవాహానికే ప్రాధాన్యం. గురుగ్రహం పది గంటల లోపే తన చుట్టూ తాను తిరగడం వల్ల మేఘాలు అక్షాంశాల వెంట పట్టీలుగా సాగి, పక్కపక్క పట్టీలు ఎదురెదురు దిశల్లో పరుగెత్తి, వాటి సరిహద్దుల్లో సుడులు పుడతాయి. నాయిస్‌ను నేరుగా గీయకుండా దాన్నే మరో నాయిస్‌తో వంచి, మెలిపెడితే ఆ సుడుల పోలిక వస్తుంది. యురేనస్‌కు ఈ శ్రమ కూడా అక్కరలేదు. 1986 జనవరిలో వాయేజర్-2 దగ్గర నుంచి తీసిన ఫొటోల్లో అది దాదాపు ఏ గుర్తూ లేని లేత నీలిపచ్చ గోళం. దాన్ని ఉన్నది ఉన్నట్టు గీసి చూపించిన ఔత్సాహికుడికి బద్ధకస్తుడన్న పేరు తప్పదు.