వానాకాలంలో కారు శుభ్రత: బకెట్ నీరు చాలు

వర్షాలు ప్రారంభం కాగానే మన క్వార్టర్లలో కార్లు కడగడం వాయిదా పడుతుంది. వాన ఎటూ కడుగుతున్నదన్న భావన సర్వసాధారణం. కాని వాన కారును తడుపుతుందే గాని శుభ్రపరచదు. చక్రాల నుండి ఎగిరిన బురద, గాలిలోని ధూళి తడి ఆరిన పిమ్మట పలుచని పొరగా పెయింటుపై నిలిచిపోతాయి. మరునాటి ఉదయం ఆ పొరను పొడిగుడ్డతో తుడిచినపుడే అసలు నష్టం సంభవిస్తుంది.

కారణం సుగ్రాహ్యమే. ధూళిలోని ఇసుక రేణువులలో అధికభాగం క్వార్ట్జ్. మోస్ కాఠిన్యమానంపై దాని విలువ 7. మామూలు ఇనుముకంటె అది కఠినం. పెయింటును కాపాడే పారదర్శకమైన పైపూత మందం సుమారు 40 నుండి 50 మైక్రాన్లు మాత్రమే. గుడ్డకు, పూతకు నడుమ చిక్కిన రేణువు గీత గీయక మానదు. ఎండలో సాలెగూడువలె కనిపించే గీతలు ఇట్టివే. పాలిష్‌తో వాటిని తొలగించడమంటే ఆ మేరకు పూతను అరగదీయడమే.

ఇక గొట్టంతో కడగడం. నిమిషానికి 10 లీటర్ల చొప్పున పావుగంటకు 150 లీటర్లు వ్యయమవుతాయి. 2024 మార్చిలో నీటి ఎద్దడి తీవ్రమైనపుడు బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది.

జాలాడింపు లేని పద్ధతి

దీనికి 'రిన్స్‌లెస్ వాష్' ద్రావణాలు లభిస్తున్నాయి. వీటిలోని పాలిమర్లు రేణువులను చుట్టుకొని, రాపిడిని తగ్గిస్తాయి. సాధారణ కారు షాంపూ ఇందుకు పనికిరాదు. జాలాడించకపోతే దాని మరకలు మిగులుతాయి. పలు ద్రావణాలకు నిష్పత్తి 1:256, అనగా 10 లీటర్ల నీటికి సుమారు 40 మిల్లీలీటర్లు. సీసాపై సూచించిన కొలతనే పాటించాలి.

1. కారును పోర్టికోలో నిలిపి, బానెట్ చల్లబడనివ్వాలి.
2. కలిపిన ద్రావణాన్నే ఒక భాగంపై పిచికారీ చేసి, ఒకటి రెండు నిమిషాలు నాననివ్వాలి, ఆరిపోనివ్వరాదు.
3. బకెట్‌లో ఆరేడు మైక్రోఫైబర్ గుడ్డలను నానబెట్టి, ఒక్కొక్కటి నాలుగు మడతలు వేసి, పైకప్పు నుండి క్రిందికి, అదమకుండా, ఒకే దిశలో తుడవాలి. ఒక మడత మాసినచో మరొకటి తిప్పాలి. వాడిన గుడ్డ తిరిగి బకెట్‌లోకి పోరాదు.
4. వెంటనే పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తడి తీయాలి.
5. చక్రాలు, తలుపుల అడుగుభాగాలు చివరికి. వాటి గుడ్డలు వేరు.

హద్దులు

బురద గట్టిపడి పెళ్లలు కట్టినచో ముందు నీటి ధారతో దానిని వదలగొట్టక తప్పదు. కారు అడుగుభాగానికి ఈ పద్ధతి చాలదు. సముద్రతీరంలో ఉప్పు చేరే చోటు అదే కనుక అక్కడ నీటి ధారే శరణ్యం. దుమ్ముగాలి వీచేవేళ ఈ పని తలపెట్టరాదు.

బేరింగులో ఇసుక రేణువు చేరకుండ సీళ్లు బిగించి జాగ్రత్తపడే వృత్తి మనది. ఇంటిముందరి కారుకు కూడ ఆ రేణువే శత్రువు. రోజూ పొడిగుడ్డతో రుద్దడంకంటె, వారానికొకమారు ఒక బకెట్ నీటితో, అరగంట ఓపికతో తుడవడం మేలు.