ఫిల్మ్‌నగర్ నుండి లంకావీ దాకా: ఒక ప్రయాణం, ఒక క్షమాపణ

షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఒకటి నేటికీ నిలిచి ఉంది. గోల్కొండకు వచ్చిపోయే వర్తకులు, బాటసారులు ఒక రాత్రి సేదదీరడానికి కట్టించిన కట్టడమది. ఆ సరాయికి కొద్ది దూరంలోనే మా ఫిల్మ్‌నగర్. ఇటు రామానాయుడు స్టూడియో, అటు జూబ్లీహిల్స్ వైపు అన్నపూర్ణ స్టూడియో, మధ్యలో ఫిల్మ్ ఛాంబర్. తెరపై కనిపించే నీలి సముద్రాలూ, పచ్చని కొండలూ చాలావరకు ఈ వీధులలోనే పుడతాయి. ఆ దృశ్యాల వెనుక లైట్లు మోసేవారు, సెట్లు కట్టే వడ్రంగులు, దుస్తులు కుట్టేవారు, బండ్లు నడిపేవారు మాలో అనేకులు. ఇతరులకు ద్వీపాలను చూపించడమే మా వృత్తి; మేము మాత్రం ఏ ద్వీపాన్నీ చూడలేదు.

అందుకే ఆరు కుటుంబాల వారం కలిసి రెండు సంవత్సరాలు చీటీ వేసుకున్నాము. గత శీతకాలంలో, అల్లాహ్ అనుగ్రహంతో, 23 మందిమి మలేషియాకు బయలుదేరాము. ముగ్గురు కలిసి ప్రయాణించినా ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్నది దైవప్రవక్త (స) నేర్పిన పద్ధతి. ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయులను మేము అమీరుగా ఎన్నుకున్నాము. టూరు సంస్థ ఇచ్చిన జాబితాలో గెంటింగ్ కొండలు కూడా ఉన్నాయి. అక్కడి జూదగృహంలోకి ముస్లిములకు ప్రవేశం ఆ దేశ చట్టం ప్రకారమే నిషిద్ధం. ఆ పేరును తీసివేయించి, ఆ రోజును లంకావీకి కేటాయించారు అమీరుసాబ్.

విమానం ఎక్కే ముందు ఆయన ఒక మాట చెప్పారు. 'సఫర్' అనే అరబీ పదపు మూలంలో 'వెల్లడి కావడం' అనే భావం ఉంది. ఒక వ్యక్తి మంచివాడని ఎవరో సాక్ష్యం చెప్పగా, "నీవు అతనితో కలిసి ప్రయాణం చేశావా?" అని హజ్రత్ ఉమర్ (రజి) ప్రశ్నించినట్లు పెద్దలు చెబుతారు. ఆ మాట అప్పుడు మాకు వినడానికి ఇంపుగా మాత్రమే తోచింది.

కొండల మీద

కౌలాలంపూర్‌లో దిగి గడియారాలను రెండున్నర గంటలు ముందుకు తిప్పుకున్నాము. మర్నాడు ఉత్తరంగా దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని కామెరాన్ హైలాండ్స్‌కు బయలుదేరాము. దారిలో బస్సు ఆగిన ప్రతి విశ్రాంతి స్థలంలోనూ 'సురావు' అనే నమాజు గది, వుజూకు శుభ్రమైన నీరు, స్త్రీలు నమాజు కోసం ధరించే 'తెలుకుంగ్' అనే తెల్లని వస్త్రాలు సిద్ధంగా ఉన్నాయి. హోటలు గది పైకప్పు మీద కూడా ఖిబ్లా దిక్కును చూపే బాణం గుర్తు! జుహర్, అసర్, ఇషా నమాజులను ప్రయాణికుల సౌలభ్యం మేరకు రెండేసి రకాతులుగా చేసుకుంటూ సాగాము.

తాపా పట్టణం దాటాక దాదాపు 60 కిలోమీటర్ల మేర మలుపుల మీద మలుపులు. పిల్లలకు వాంతులు మొదలయ్యాయి. అప్పుడు నిమ్మకాయలు, సోంపు, ప్లాస్టిక్ సంచులు తీసి ఒక్కొక్కరి దగ్గరకు వెళ్ళి సేవ చేసింది మా బృందంలోని ఒక సోదరి. మేమంతా ఆమెను ఆపా అనే పిలుస్తాము. భర్తతో తెగతెంపులైన తరువాత, సినిమా దుస్తులు కుట్టే చోట పనిచేస్తూ ఇద్దరు పిల్లలను పెంచింది. 18 ఏళ్ళ కుమారుడితో కలిసి ఈ ప్రయాణానికి వచ్చింది.

1885లో ఈ ప్రాంతాన్ని సర్వే చేసిన విలియం కామెరాన్ పేరు మీదనే ఈ కొండలకు ఆ పేరు వచ్చింది. 1,400 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న తానా రాతా పట్టణంలో మేము బస చేశాము. 1929లో మొదలైన బోహ్ తేయాకు తోటలు కొండవాలు పొడవునా పరచుకొని ఉన్నాయి. ఈ దేశపు తోటలలో ఒకప్పుడు దక్షిణ భారతం నుండి వచ్చిన కూలీలు చెమటోడ్చారు. పక్కనే ఉన్న పేరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతో ప్రాంతపు కొబ్బరి తోటలకు మన తెలుగువారు కూడా వలస వచ్చారు. 1955లో వారు స్థాపించుకున్న ఆంధ్ర సంఘమే నేటి మలేషియా తెలుగు సంఘం. పాటల చిత్రీకరణకు అందమైన నేపథ్యంగా మాత్రమే మేము ఎరిగిన తేయాకు తోటలు, ఎవరి వెన్నెముకల మీద నిలిచాయో ఆ రోజు తెలిసింది.

ఆ రాత్రి చలికి స్త్రీలందరం ఒకే గదిలో చేరాము. మాటలు ఎక్కడినుండో ఎక్కడికో వెళ్ళి ఆపా మీద ఆగాయి. మా అందరిలో పెద్దదైన ఖాలా అన్నది: "కుట్టుపనే అయితే రాత్రి పన్నెండింటికి ఇంటికి రావడమేమిటి? దింపే కారు ఎవరిది?" షూటింగు ముందురోజు కుట్టుపని అర్ధరాత్రి దాకా సాగుతుందని, కంపెనీ బండి అందరినీ వరుసగా ఇళ్ళ వద్ద దింపుతుందని మాలో సగం మందికి తెలుసు. అయినా ఎవరమూ నోరు విప్పలేదు. ఒకరిద్దరం నవ్వాము కూడా.

తలుపు దగ్గర అలికిడి అయింది. ఖాలా మోకాళ్ళ నొప్పికి వేడినీళ్ళు కావాలని అడిగితే, ఫ్లాస్కులో తెచ్చి నిలబడి ఉన్నది ఆపా. ఫ్లాస్కును బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మరునాటి ఫలహారం వేళ తల్లీకొడుకులు వేరే బల్ల దగ్గర కూర్చున్నారు.

ద్వీపాల వైపు

అక్కడినుండి పెనాంగ్ ద్వీపానికి వెళ్ళాము. 1985లో ప్రారంభమైన 13.5 కిలోమీటర్ల వంతెన మీదుగా బస్సు సముద్రాన్ని దాటింది. జార్జ్‌టౌన్‌లో భారతీయ ముస్లిం వర్తకులు 1801లో స్థాపించిన కపితాన్ కెలింగ్ మస్జిదులో ఫజర్ నమాజు చేశాము. షాఫయీ విధానం ప్రకారం ఇమాము ఫజర్‌లో ఖునూత్ దుఆ చేస్తుంటే, హనఫీలమైన మేము మౌనంగా నిలబడ్డాము. నమాజు తరువాత ఆలింగనాలలో ఆ తేడా కనిపించలేదు. 'కెలింగ్' అనే మాట మన 'కళింగ' నుండే వచ్చిందని చెబుతారు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు రేవైన మచిలీపట్నం నుండి వస్త్రాలతో నౌకలు కెడా, పేరాక్ తీరాలకు వచ్చేవి. మా షేక్‌పేట సరాయి కాలపు వర్తకులకు ఈ తీరం కొత్తది కాదు.

కువాలా కెడా రేవులో ఫెర్రీ ఎక్కి లంకావీ చేరుకున్నాము. 99 ద్వీపాల సముదాయమది. అక్కడి ప్రాచీన శిలల విశిష్టతను బట్టి 2007లో యునెస్కో దానిని జియోపార్కుగా గుర్తించింది. కేబుల్ కారులో మాచిన్‌చాంగ్ కొండ ఎక్కి, నీటి మీద చెల్లాచెదురుగా పడి ఉన్న పచ్చని దీవులను చూసి 'సుబ్హానల్లాహ్' అనుకున్నాము. కానీ మా బృందం అప్పటికే రెండుగా చీలి ఉంది. ఫోటోలకు సైతం కలిసి నిలబడలేకపోయాము.

మహ్సూరీ సమాధి వద్ద

ఆ సాయంత్రం గైడు మమ్మల్ని మహ్సూరీ సమాధి వద్దకు తీసుకువెళ్ళాడు. అక్కడివారు చెప్పుకునే కథ ఇది. సుమారు 200 సంవత్సరాల క్రితం మహ్సూరీ అనే గృహిణి ఈ ద్వీపంలో జీవించేది. భర్త యుద్ధానికి వెళ్ళిన సమయంలో ఒక బాటసారి కవికి ఆమె ఇంట ఆశ్రయం లభించింది. ఆమెపై అసూయపడిన గ్రామాధికారి భార్య, ఆమె శీలం మీద నింద వేసింది. ఆమె మొర ఎవరూ వినలేదు, మరణశిక్ష విధించారు. ఆమె గాయం నుండి తెల్లని రక్తం కారిందని, మరణించే ముందు ఏడు తరాల వరకు ఈ ద్వీపం బాగుపడదని ఆమె శపించిందని జనం నమ్ముతారు. ఆ తరువాత సయాం సైన్యం దాడిలో లంకావీ నిజంగానే పాడుబడింది.

తెల్లని రక్తాన్నీ, శాపాన్నీ మేము విశ్వసించము. కానీ పీడితుల మొరకూ అల్లాహ్‌కూ మధ్య అడ్డుతెర ఉండదన్న దైవప్రవక్త (స) హెచ్చరికను విశ్వసిస్తాము. గైడు కథ ముగించాక ఖాలా మెల్లగా అడిగింది: "ఆ మాట ముందు అన్నది ఒక్కతే కదా, మిగిలిన ఊరంతా ఏం చేసింది?" గైడు, "విన్నారు" అన్నాడు.

ఇషా తరువాత అమీరుసాబ్ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఇఫ్క్ సంఘటనను వివరించారు. అది కూడా ఒక ప్రయాణంలోనే జరిగింది. బనూ ముస్తలిక్ దండయాత్ర నుండి తిరిగివస్తుండగా హజ్రత్ ఆయిషా (రజి) పోగొట్టుకున్న హారాన్ని వెదుకుతూ వెనుకబడిపోయారు. వెనుక వస్తున్న హజ్రత్ సఫ్వాన్ (రజి) ఆమెను తన ఒంటె మీద ఎక్కించి, తాను నడిచి, బిడారం వద్దకు చేర్చారు. అంతే, మదీనాలో అపనింద రగిలింది. దాదాపు ఒక నెల రోజులు ఆ మాతృమూర్తి కన్నీటితో గడిపారు. చివరకు నూర్ సూరాలోని ఆయతులు ఆమె పవిత్రతను ప్రకటించాయి. నలుగురు సాక్షులను తేకుండా శీలవతిపై వ్యభిచార నింద మోపేవారికి 80 కొరడా దెబ్బలు శిక్షగా నిర్ణయమయ్యాయి. ఆ మాట విన్నప్పుడే ఇది అబద్ధమని ఎందుకు అనలేదని విన్నవారిని కూడా ఖుర్ఆన్ నిలదీసింది.

ఎవరమూ తలలెత్తలేదు. ఖాలా లేచి వెళ్ళి ఆపా చేతులు పట్టుకున్నది. "బేటీ, నన్ను మాఫ్ చెయ్యి" అన్నది.

ఆపా చాలాసేపటికి మాట్లాడింది. "మాఫ్ చేశాను ఖాలా. కానీ మా అమ్మాయి సంబంధం రెండు నెలల క్రితం ఆగిపోయింది. వాళ్ళింట్లో కూడా ఈ కారు మాటే వినిపించిందట. అక్కడ ఎవరు చెబుతారు?"

అప్పుడుగాని ఆ మాట ఎంత దూరం వెళ్ళిందో మాకు తెలియలేదు. ఖాలా ముఖం చూస్తే, దానిని అక్కడకు మోసినది ఎవరో అడగనవసరం లేకపోయింది.

తిరిగి వచ్చాక

హైదరాబాదు చేరిన మూడవ రోజు ఖాలా మమ్మల్ని పిలిపించింది. "నేను చెప్పింది మీరంతా విన్నారు. ఇప్పుడు కూడా నాతో రండి" అన్నది. నలుగురం వెంట నడిచాము. లిఫ్టు లేని ఆ ఇంటి మెట్లు మోకాళ్ళు పట్టుకొని ఎక్కి, ఆ ఇంటి పెద్దల ఎదుట కూర్చొని, "ఆ అమ్మాయి తల్లి గురించి నేను అన్నది నా కళ్ళతో చూసినది కాదు. నేను తప్పు చేశాను" అని చెప్పింది. ఆ కంపెనీ బండి నడిపేవారి భార్య మాలోనే ఉంది. ఆ బండి ప్రతి రాత్రి ఎంతమందిని, ఏ ఏ వీధులలో దింపుతుందో ఆమె వివరించింది. మేము మౌనంగా ఉన్న తప్పును మేమూ ఒప్పుకున్నాము.

ఆ సంబంధం విషయమై ఇరు కుటుంబాలూ మళ్ళీ మాట్లాడుకుంటున్నాయి. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది.

మా కాలనీలో పుకార్లకు కొదువ లేదు. ఏ నటి ఏ కారులో వెళ్ళిందన్నది ఇక్కడ టీకొట్టు దగ్గర కాలక్షేపం, పత్రికలకు జీవనాధారం. తెర మీది స్త్రీ గురించి మాట్లాడే అలవాటే పక్కింటి స్త్రీ దాకా వచ్చిందేమోనని ఇప్పుడు అనిపిస్తున్నది. ఇప్పుడు మా ఇళ్ళలో ఎవరైనా అటువంటి మాట ఎత్తితే, "నీవు చూశావా?" అని అడగడం అలవాటు చేసుకుంటున్నాము. కొన్నిసార్లు మరచిపోతున్నాము; గుర్తుచేయడానికి ఖాలా ఉన్నది.

వచ్చే ఏడాదికి మళ్ళీ చీటీ మొదలుపెట్టాము. ఇన్షా అల్లాహ్, ఈసారి ఉమ్రాకు. మొదటి వాయిదా ఖాలాదీ ఆపాదీ కలిపి ఒకే కవరులో వచ్చింది.