చిట్టాకెక్కని ఉలి

ఆదివారపు సంచికకు యుద్ధమునకు వెళ్లిన ఒక సామాన్య సైనికుని జీవితమును ముఖచిత్ర కథనముగా వ్రాయవలెననియు, గురువారము సాయంకాలమునకు వ్రాతప్రతి అందవలెననియు సంపాదకులు కోరినప్పుడు, పతకములందిన వీరులను విడిచి, చిత్తూరు సీమలో ఉలి, బాడిస పట్టి బ్రతికి, రెండవ ప్రపంచయుద్ధమున సాపరై, అనగా సైన్యపు నిర్మాణదళములోని పనివాడై, బర్మాకు వెళ్లి మరలి రాని చేతిపనివానిని వెదకవలెనని నాకు బుద్ధి పుట్టెను.

అట్టివారిని గూర్చి దొరకునది ఒక్కొక్క పంక్తి మాత్రమే. కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారి చిట్టాలో పేరు, సంఖ్య, హోదా, దళము, మరణించిన తేదీ, అటుపై ‘ఫలానా వాని కుమారుడు, ఫలానా ఆమె భర్త, ఫలానా గ్రామము, చిత్తూరు’ అను వరుస కానవచ్చును. ఆ పేర్లనిచ్చట వ్రాయను. వారి ఇండ్లవారు నేటికిని ఆ పల్లెలలో నుండవచ్చును. గుమాస్తా చెవికి సోకినట్లు ఆంగ్లాక్షరములలో పడిన ఊరిపేరు కంటికి పరాయిదిగానే యుండి, మన యాసలో పైకి చదివిన పిదప గాని మన పల్లెయని తెలియదు. మద్రాసునైనను చూచియుండని ఇల్లాలి పేరు సముద్రముల కావల భద్రపరచిన పుస్తకములో భర్త పేరు ప్రక్కనే నిలిచియుండుట చూచి నేను చాలసేపు పుట త్రిప్పలేకపోతిని.

అంత శ్రద్ధగా కూర్చిన ఆ చిట్టాలో వృత్తికి గడి లేదు. మద్రాసు సాపర్లలో చేరినవాడు తుపాకి పట్టుటతోపాటు వడ్రంగమో, కమ్మరమో, బేల్దారి పనియో ఎరిగియుండవలెను. ట్రేడు పరీక్షలో నెగ్గిన తరగతిని బట్టి జీతము హెచ్చెడిది. ఆస్ట్రేలియాలో మొదటి ప్రపంచయుద్ధమునకు చేరిన వడ్రంగి కాగితములు తెరచినచో, నీ వృత్తి యేది యను ప్రశ్నకు సమాధానముతోపాటు ఎత్తు, ఛాతి కొలత, కండ్ల రంగు వరకు ఇంటనుండియే ఎవరైనను చదువవచ్చును. మనవాని చేతిపనికి ఆపాటి గౌరవమేల దక్కరాదని నా బాధ.

ఏలయన, బర్మా యుద్ధమును నడిపినది చేతిపనియే. 1944 డిసెంబరులో కలేవా వద్ద చింద్విన్ నదిపై 1,154 అడుగుల బెయిలీ వంతెన లేచెను. పది అడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు గల దాని ఉక్కు పలకనొక్కదానిని ఆరుగురు మోయవలసియుండెను. దారి చాలక నదిని దాటుచున్న బ్రిటిషు సేన కొరకు ఏనుగులు లాగి తెచ్చిన టేకుతో నదియొడ్డునే అయిదు వందలకు మించిన సరకు పడవలు కట్టిరి. ఆ వృత్తాంతము చదువునపుడెల్ల శేషాచలపు చందనమును చెక్కు మన ఆచారుల చేతులు నా కన్నుల ముందు మెదలును.

పూర్వచరిత్ర సంగ్రహముగా: 1780లో మద్రాసు పయనీర్లుగా పుట్టిన ఈ సాపర్ల దళము బెంగుళూరు స్థావరముగా పెరిగెను, 1911లో ఉత్తర ఆర్కాటు, కడప సీమల నుండి తాలూకాలు చేర్చి చిత్తూరు జిల్లా నేర్పరచిరి, రెండవ ప్రపంచయుద్ధమున, నిర్బంధము లేకయే, ఇరువదియైదు లక్షల భారతీయులు సైన్యములో చేరిరి.

పెట్టెలో: సాపర్ల సంగతులు
ముండ్లతీగెల కంచెను పేల్చి దారి చేయు ‘బెంగుళూరు టార్పీడో’ గొట్టము 1912లో ఈ దళపు అధికారి మెక్‌క్లింటాక్ కల్పన. ఇటలీలోని మిగ్నానో వద్ద 1944 ఫిబ్రవరి 24న మందుపాతరపై పడి తోడివారిని కాచి ప్రాణములిచ్చిన సుబేదారు సుబ్రమణ్యంకు జార్జి క్రాసు లభించెను.

రంగూనునకు ఉత్తరమున తౌక్యాన్‌లో, బర్మా యుద్ధమున మరణించి సమాధి తెలియని సుమారు 27,000 మంది సైనికుల పేర్లు స్తంభములపై చెక్కబడినవి. అచ్చటి స్మారకవాక్యము ఆంగ్లము, బర్మీయము, హిందీ, ఉర్దూ, గురుముఖి లిపులలో కలదు, తెలుగున లేదు. ముఖచిత్రమునకు ఛాయాపటమేదని సంపాదకులడిగిరి. ఆ చిట్టాలో ముఖములు లేవు గనుక, ఏర్పేడు దాపున మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కు నొకరి ఉలిని, కొడతిని పటము తీయించి పంపుచున్నాను.