క్రీడా కోటా (బాస్కెట్‌బాల్)

క్రీడా కోటా అనగా ఆటలలో రాణించిన విద్యార్థులకు కళాశాల ప్రవేశాలలో ప్రత్యేకించిన సీట్ల వాటా. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగు మొదలైన వృత్తివిద్యా కోర్సులలో ఈ వాటా 0.5 శాతం, అనగా 200 సీట్లకు ఒకటి. ఆ ఒక్క సీటుకు అన్ని ఆటలవారూ పోటీ పడతారు. బాస్కెట్‌బాల్ వంటి జట్టు ఆటలో, అందులోనూ ఫార్వర్డ్ స్థానంలో ఆడే పాఠశాల విద్యార్థి ఈ పద్ధతిలో సులభంగా మరుగున పడిపోతాడు.

ఫార్వర్డ్ పాత్ర

జట్టులో 12 మంది ఉంటారు. కోర్టులో ఒకసారి ఆడేది ఐదుగురు. సాధారణంగా వీరిలో ఇద్దరు ఫార్వర్డ్‌లు. బుట్టలో పడక బోర్డుకు తగిలి తిరిగివచ్చే బంతిని అందుకొనుట (రీబౌండ్), సహచరునికి దారి దొరికేలా ప్రత్యర్థికి అడ్డుగా నిలబడుట (స్క్రీన్), ఎదుటి జట్టులోని పొడగరిని కట్టడి చేయుట వీరి ముఖ్యమైన పనులు. అయితే మ్యాచి అధికారిక స్కోరుపత్రంలో పాయింట్లు, ఫౌళ్ళు, టైమవుట్లు మాత్రమే నమోదవుతాయి. రీబౌండ్లు లెక్కించడానికి వేరే గణకులు కావాలి. పాఠశాల పోటీలలో వారు ఉండడం అరుదు. పది రీబౌండ్లు పట్టి నాలుగు పాయింట్లు చేసినవాడు కాగితం మీద నాలుగు పాయింట్ల ఆటగాడే.

ఎంపిక దశలు

పాఠశాల క్రీడలను 1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడా సమాఖ్య 14, 17, 19 ఏళ్ళలోపు వయోవర్గాలుగా నిర్వహిస్తుంది. విద్యార్థి జిల్లా జట్టుకు, తరువాత రాష్ట్ర జట్టుకు ఎంపిక కావలెను. ఎంపికదారులు ఆటను కళ్ళారా చూసేది ఈ దశలలోనే. అదీ కొద్ది నిమిషాలు.

సఖినేటిపల్లి మండలంలోని అంతర్వేది వంటి గ్రామానికి ఇందులో ఒక చిక్కు ఉన్నది. వసిష్ఠ గోదావరి దాటితే నరసాపురం పట్టణం దగ్గరే, కాని అది పశ్చిమ గోదావరి జిల్లాలోనిది. పాఠశాల ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా ఎంపికకే పోవాలి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడే వరకు అంతర్వేదికి జిల్లా కేంద్రం కాకినాడ, ఇప్పుడు అమలాపురం.

కళాశాల సీటుకు దరఖాస్తు చేసేనాటికి ఆటను చూసేవారు ఎవరూ ఉండరు. ఆంధ్రప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థ ధ్రువపత్రాలను పరిశీలించి, పోటీ స్థాయిని బట్టి, సాధించిన స్థానాన్ని బట్టి ప్రాధాన్య క్రమం నిర్ణయిస్తుంది. గెలిచిన జట్టులో బెంచీ మీద కూర్చున్నవానికి, ఓడిన జట్టును ఒంటిచేత్తో నడిపినవానికంటే విలువైన పత్రం లభించవచ్చును. బాడ్మింటన్‌లో ఈ ఇబ్బంది తక్కువ. అమలాపురానికి చెందిన రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్ 2014లో హైదరాబాదులోని గోపీచంద్ అకాడమీలో చేరే నాటికి, అతని గెలుపోటములు అతని పేరుమీదే ఉన్నాయి. జట్టు ఆటలో ఆ సౌలభ్యం లేదు.

అమెరికా పద్ధతి

అమెరికాలో కళాశాల శిక్షకులే పాఠశాల మ్యాచులకు వెళ్ళి, లేదా వీడియోలు చూసి, ఆటగాళ్ళను ఎన్నుకుంటారు. అక్కడ రీబౌండ్ల లెక్క, ఎత్తు, చేతుల పొడవు అన్నీ పరిగణనలోకి వస్తాయి. అలాగని చదువును వదలరు: జాతీయ కళాశాల క్రీడా సంఘం (ఎన్‌సీఏఏ) మొదటి విభాగంలో ఆడాలంటే 9వ తరగతి నుండి 16 ప్రధాన పాఠ్యాంశాలు పూర్తిచేసి ఉండాలి. మూడవ విభాగం కళాశాలలు క్రీడా ఉపకారవేతనాలే ఇవ్వవు. పంజాబులోని బల్లో కే గ్రామానికి చెందిన, 7 అడుగుల 2 అంగుళాల సత్నామ్ సింగ్ భమారా 2010లో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి ఎంపికయ్యాడు. 2015లో డల్లాస్ మావెరిక్స్ జట్టు అతనిని 52వ ఎంపికగా తీసుకున్నది. కళాశాల జట్టులో మాత్రం అతడు ఆడలేదు. అంత ఎత్తు లేని ఫార్వర్డ్‌ను వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చే శిక్షకులు లేరనే చెప్పాలి.

మరొక దారి

కోటాలో సీటు రానివారికి సాధారణ డిగ్రీ కళాశాల మిగిలి ఉంటుంది. కోనసీమలోని చాలా కళాశాలలు రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి అనుబంధమైనవి. కళాశాల జట్టులో ఆడి విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికైతే దక్షిణ మండల అంతర విశ్వవిద్యాలయ పోటీలలో పాల్గొనవచ్చును. రైల్వేలు, పోలీసు శాఖ వంటివి క్రీడాకారులను ఉద్యోగాలలోకి తీసుకునేటప్పుడు అభ్యర్థులను మైదానంలో ఆడించి కూడా చూస్తాయి.