గోదావరి ఎక్కడిదాకా వచ్చింది?

చిన్నప్పుడు నాన్నతో స్టేషనుకి వెళ్తే, సామాను బెంచీ దగ్గర దించి ఆయన ముందుగా స్టేషన్ మాస్టారి కిటికీ దగ్గరికి నడిచేవారు. "మాస్టారూ, గోదావరి ఎక్కడిదాకా వచ్చిందండీ?" మాస్టారు చెవి దగ్గరి ఫోను దించకుండానే "తుని దాటింది, ఇంకో ముప్పావుగంట" అనేవారు. ఆ ఒక్క కబురుతో ప్లాట్‌ఫారం కుదుటపడేది. అమ్మ పులిహోర పొట్లం విప్పేది. ఎదురు బెంచీ పెద్దాయన కండువా తలకింద పెట్టుకుని ఒరిగేవారు. బండి ఆలస్యం ఒక్క నిమిషమైనా తగ్గలేదు. ఎంతసేపో తెలిసింది, అంతే.

తుని దాటిన సంగతి మాస్టారికి ఎలా తెలిసేదో చూడండి. బండి దాటగానే ప్రతి స్టేషన్ మాస్టారూ ఆ వేళను కంట్రోల్ ఆఫీసుకి ఫోన్లో చెప్పేవారు. అక్కడ సెక్షన్ కంట్రోలర్ ముందు గళ్ళ కాగితం పరిచి ఉండేది. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. ఒక్కో బండీ ఒక్కో ఏటవాలు గీత. బండి ఎక్కడైనా ఆగిపోతే గీత అడ్డంగా సాగేది. వందల కిలోమీటర్ల పట్టాల మీద ఏ బండి ఎక్కడుందో ఆ ఒక్క కాగితం చెప్పేసేది.

ఇప్పుడు ఆ గీత తనంతట తానే పడుతోంది. రైల్వేల కంప్యూటర్ సంస్థ క్రిస్, ఇస్రో కలిసి తయారుచేసిన ఆర్‌టీఐఎస్ అనే ఏర్పాటులో, ఇంజనులో అమర్చిన పరికరం ప్రతి 30 సెకన్లకు బండి ఎక్కడుందో చెబుతుంది. రెండు స్టేషన్ల మధ్య పొలాల్లో ఆగిన బండి జాడ కూడా తెలుస్తుంది. పాత పద్ధతిలో దొరకనిది ఇదే. బండి ఒక స్టేషను దాటి రెండోది చేరేదాకా మధ్యలో ఏమైందో బయటివాళ్ళకి అంతుపట్టేది కాదు. మనం ఫోన్లో రైల్వేల ఎన్‌టీఈఎస్ యాప్ తెరిచి చూసే వేళల వెనక ఇలా ఇంజను పంపే కబురు కూడా ఉంది.

స్మార్ట్‌ఫోను లేని ఇంట్లో? 139కి ఫోన్ చేస్తే చాలు. 12 భాషల్లో పలుకుతుంది, తెలుగు కూడా ఉంది. పీఎన్‌ఆర్ నంబరును అదే 139కి మెసేజ్ చేసినా బెర్తు సంగతి తిరిగి వస్తుంది, దానికి నెట్ అక్కర్లేదు. ఒకప్పుడు రైల్లో రక్షణ కోసం 182 అని విడిగా నంబరుండేది. 2021 ఏప్రిల్‌లో దాన్నీ 139లోనే కలిపేశారు. వాకబుకైనా, బోగీలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా గుర్తుంచుకోవలసింది ఒకటే నంబరు. కంగారులో ఉన్న మనిషికి రెండు నంబర్లు గుర్తుండవు, అందుకే ఇది నాకు చాలా మంచి పని అనిపిస్తుంది.

"దయచేసి వినండి" అని మొదలయ్యే స్టేషన్ ప్రకటన ఒక మనిషి ఏకబిగిన చదివింది కాదు. అంకెలు, ఊళ్ళ పేర్లు, "వచ్చుచున్నది" వంటి ముక్కలు విడివిడిగా రికార్డు చేసి పెట్టుకుంటారు. బండిని బట్టి యంత్రం వాటిని దండలా గుచ్చుతుంది. అంకె దగ్గర గొంతు కాస్త తెగినట్టు వినపడేది ఆ అతుకు వల్లే.

రోడ్డు మీదికొస్తే, జాతీయ రహదారులకు 1033 ఉంది. రాత్రీ పగలూ పలుకుతుంది. ప్రమాదం జరిగినా, బండి ఆగిపోయినా అంబులెన్సుకో, క్రేనుకో కబురు అక్కడినుంచి వెళ్తుంది. అయితే అవతలివాళ్ళు మొదట అడిగేది "ఎక్కడున్నారండీ?" అని. చుట్టూ చీకటి, పొలాలు. ఏం చెబుతాం? దానికి జవాబు రోడ్డు పక్కనే పాతిపెట్టి ఉంటుంది. పసుపు తల ఉన్న రాయి కనిపిస్తే అది జాతీయ రహదారి, ఆకుపచ్చ తలైతే రాష్ట్ర రహదారి. రాయి మీద రోడ్డు నంబరు, కిలోమీటరు రెండూ ఉంటాయి. ఆ రెండూ చెబితే సాయం నేరుగా మీ దగ్గరికే వస్తుంది. హైదరాబాద్–విజయవాడ దారిని పెద్దవాళ్ళు ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డనే అంటారు. 2010లో నంబర్లు మార్చినప్పుడు అది 65 అయింది. ఫోన్లో చెప్పాల్సింది కొత్త నంబరే.

ఆ 65 మీద సంక్రాంతి ముందురోజుల సంగతి మనకు కొత్త కాదు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ ప్లాజాలో విజయవాడ వైపు ఎక్కువ బూత్‌లు తెరుస్తారు. అయినా బారులు తీరుతాయి. గుంటూరు వైపు వెళ్ళేవాళ్ళు నాగార్జునసాగర్ మీదుగా పొమ్మని ఈ మధ్య పోలీసులు ముందే చెబుతున్నారు. వెనక సీట్లో పిల్లలు "ఇంకెంతసేపు?" అని అడిగే ప్రశ్నకి జవాబు లేక నలిగిపోయినవాళ్ళకి ఆ మాట విలువ తెలుసు.

ఇలాంటి పండగ రద్దీని ఒక దేశం యాభై ఏళ్ళుగా రంగులు వేసి మరీ ముందే చెబుతోంది. అది ఫ్రాన్స్.

ఫ్రెంచివాళ్ళు ట్రాఫిక్ జామ్‌ని "బూషోఁ" అంటారు. సీసా బిరడా అని అర్థం. 1975 వేసవిలో దేశమంతా ఒకేసారి సముద్రం వైపు బయలుదేరింది. ఆగస్టులో కర్మాగారాలు మూతపడేవి, అందరికీ సెలవు ఒక్కసారే. ఆ ఏడాది ఒక్కరోజు బిరడాలన్నీ కలిపి కొలిస్తే 600 కిలోమీటర్లు తేలింది. దాంతో మరుసటి ఏడాది, 1976లో, ప్రభుత్వం "బిసోఁ ఫ్యూతే" అనే సేవ మొదలుపెట్టింది. మన మాటల్లో గడుసు అడవిదున్న. అమెరికా ఆదివాసి వేషంలో ఉన్న ఒక చిన్న బొమ్మ దానికి గుర్తు. దారి తెలిసినవాడు జనం తొక్కని అడ్డదారి చూపిస్తాడని భావం. నిజంగానే చూపించాడు. పెద్ద రోడ్డుకి సమాంతరంగా పల్లెల మీదుగా పోయే దారులకు బోర్డులు పెట్టారు, మ్యాపులు ఉచితంగా పంచారు.

దీని క్యాలెండర్ అంటే నాకు ఎంతో ఇష్టం. ఏడాది మొత్తానికీ ముందే వేస్తారు. ఆకుపచ్చ రోజు మామూలు, నారింజ కష్టం, ఎరుపు చాలా కష్టం, నలుపైతే వీలుంటే బయలుదేరకండి. పైగా ప్రతిరోజుకీ రెండు రంగులుంటాయి, వెళ్ళేవాళ్ళకి ఒకటి, తిరిగొచ్చేవాళ్ళకి ఒకటి. జూలైలో సెలవు తీసుకునేవాళ్ళని "జూయెతిస్త్"లు అనీ, ఆగస్టువాళ్ళని "ఊసియాఁ"లు అనీ అంటారు. జూలై ఆఖరున జూలైవాళ్ళు వెనక్కొస్తుంటే ఆగస్టువాళ్ళు బయలుదేరతారు. ఆ శనివారం తరచూ నల్లగా ఉంటుంది. పారిస్ నుంచి లియోఁ మీదుగా మార్సేయ్ వెళ్ళే పెద్ద రోడ్డుకి "సూర్యుడి రహదారి" అని పేరు. నల్ల శనివారాల్లో ఎక్కువగా నలిగేది అదే. ఒక్కరోజు ముందో వెనకో బయలుదేరితే చాలు, అంత ప్రయాణమూ తేలికవుతుంది. ఆ సంగతి సెలవు చీటీ రాసేటప్పుడే తెలియాలి, రోడ్డెక్కాక తెలిస్తే ఉపయోగం లేదు.

ఇక్కడ ఒక దుఃఖం చెప్పక తప్పదు. 1982 జూలై 31న, అర్ధరాత్రి దాటాక, సరిగ్గా అలాంటి రద్దీలో, వానలో, బోన్ అనే ఊరి దగ్గర బస్సులూ కార్లూ ఢీకొని 53 మంది చనిపోయారు. వారిలో 44 మంది సెలవుల శిబిరానికి వెళ్తున్న పిల్లలు. అప్పటినుంచి ఫ్రాన్స్‌లో వేసవిలో అత్యంత రద్దీగా ఉండే శనివారం నాడు పిల్లల బృందాలను బస్సుల్లో దూరం తీసుకెళ్ళడం నిషేధం.

పారిస్‌లో 1971లో మొదలైన ఫిప్ అనే రేడియోకి అప్పట్లో ప్రధానంగా పనులు రెండు, సంగీతం వినిపించడం, ట్రాఫిక్ చెప్పడం. ట్రాఫిక్ చెప్పే ఆడగొంతులు ఎంత నెమ్మదిగా, మెత్తగా ఉండేవంటే ఇరుక్కున్నవాళ్ళకి చిరాకు తగ్గేదంటారు. ఫ్రెంచి మోటారు రోడ్ల మీద ఇంకో వెసులుబాటుంది. ఎంత దూరం వెళ్ళినా రోడ్డు కబుర్ల రేడియో 107.7 దగ్గరే దొరుకుతుంది, స్టేషను వెతుక్కోనక్కర్లేదు.

జర్మనీలో 1974లో ఇంకో ముందడుగు పడింది. రేడియో అలలోనే, చెవికి అందని 57 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒక సంకేతం పంపారు. ట్రాఫిక్ కబురు రాగానే కారులో క్యాసెట్ పాట దానంతటదే ఆగి కబురు వినిపించేది. అది అయిపోయాక పాట మళ్ళీ మొదలయ్యేది. అన్నిటికంటే అత్యవసరమైన కబురు "గైస్టర్‌ఫారర్", అంటే దెయ్యం డ్రైవరు. తప్పు దిక్కున ఎదురొస్తున్న బండి అన్నమాట. ఏ కార్యక్రమాన్నైనా మధ్యలో ఆపి చెబుతారు: కుడి అంచునే ఉండండి, ఎవరినీ దాటకండి. ప్రమాదం తప్పాక ఆ సంగతి కూడా మళ్ళీ చెబుతారు.

తర్వాత వచ్చిన టీఎంసీ పద్ధతి భాషను ప్రేమించే ఎవరికైనా నచ్చుతుంది. ఇందులో గాలిలో వెళ్ళేవి అంకెలే. ఉదాహరణకు 101 అంటే బండ్లు కదలడం లేదని. చోటుకి ఇంకో అంకె. కారులోని పెట్టె ఆ అంకెల్ని తన యజమాని భాషలోకి మార్చుకుంటుంది. మ్యూనిక్ దగ్గర పంపిన ఒకే కబురు జర్మన్ కారులో జర్మన్‌గా, పక్కనే వెళ్తున్న ఇటలీవాళ్ళ కారులో ఇటాలియన్‌గా తేలుతుంది.

అమెరికాలో 2000 జూలైలో రోడ్డు సమాచారానికి దేశమంతటికీ 511 అనే నంబరు కేటాయించారు. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా దాన్ని అమలుచేసుకున్నాయి.

జపాన్‌లో రోడ్డు కబుర్ల కేంద్రం 1970 నుంచీ ఉంది. 1996 నుంచి కారు తెర మీద మ్యాపులోనే జామ్‌లు కనిపించే ఏర్పాటూ వచ్చింది. కానీ 2011 మార్చి 11 భూకంపం, సునామీ తర్వాత ఈశాన్య తీరంలో ఏ వంతెన నిలిచిందో, ఏ దారి కొట్టుకుపోయిందో చెప్పగలవాళ్ళు లేకపోయారు. మరునాడే హోండా ఒక మ్యాపు బయటపెట్టింది. తన కార్లు ఏ రోడ్ల మీద నిజంగా వెళ్ళాయో అందులో గీతలుగా ఉంది. 19వ తేదీకల్లా టయోటా, నిస్సాన్, పయనీర్‌ల లెక్కలు కూడా కలిపి ఒకే మ్యాపు తయారైంది. మార్కెట్లో పోటీపడే కంపెనీలు ఆ వారంలో తమ లెక్కలన్నీ ఒకే కాగితం మీద పోశాయి.

ఆ మ్యాపు ఏ రోడ్డుకీ హామీ ఇవ్వలేదు, ఇవ్వలేనని దాని మీదే రాసి ఉంది. ముందురోజు ఏదైనా బండి వెళ్ళిన దారి మాత్రం నీలంగా ఉంది. నలుగురూ నడిస్తే గడ్డిలో కాలిబాట పడుతుంది చూడండి, అలా. నీళ్ళూ మందులూ ఎక్కించుకుని బయలుదేరే లారీవాళ్ళకి ఆ గీత చాలు. ముందు ఎవరో ఒకరు వెళ్ళారు, దాటారు.