గర్భిణులు ట్రెడ్‌మిల్ ఎక్కవచ్చా?

ఎక్కవచ్చు. అయితే ముందు రక్త పరీక్ష చేయించుకోవాలి, డాక్టర్ సరేననాలి. ఆ తర్వాతే స్విచ్ వేయాలి.

రక్త పరీక్షకు మొదటి స్థానం ఎందుకంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. దాన్ని తగ్గించేందుకు 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం న్యూట్రిషన్ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు తొలి విడతకు ఎంచుకున్న తొమ్మిది జిల్లాల్లో భూపాలపల్లి ఒకటి. గర్భం దాల్చాక ఒంట్లో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది కాబట్టి గుండెకు ఎలాగూ పని ఎక్కువే. హిమోగ్లోబిన్ కూడా తక్కువైతే అది మరింత వేగంగా కొట్టుకోవాలి. 7 గ్రాముల లోపు ఉంటే ముందు చికిత్స, తర్వాతే వ్యాయామం. బీపీ బాగా పెరిగినా, రక్తస్రావం అవుతున్నా, మాయ కిందికి ఉన్నా, గర్భసంచి ముఖద్వారానికి కుట్లు వేసినా డాక్టర్ చెప్పనిదే ఎక్కకూడదు.

ఇవేవీ లేనివారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం సూచించింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే సరిపోతుంది. గర్భిణులకు వచ్చే షుగర్, బీపీ ముప్పు దీనివల్ల తగ్గుతుంది. ట్రెడ్‌మిల్ నడక ముఖ్యంగా ఎక్కువసేపు కూర్చుని పనిచేసేవారి కోసం. మహబూబాబాద్ మిరప తోటల్లో, జనగామ పత్తి చేలల్లో రోజంతా కూలి చేసే తల్లికి కావలసింది విశ్రాంతి.

ఎంత వేగం? గుండె నిమిషానికి 140 సార్లకు మించి కొట్టుకోకూడదని 1985లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెప్పింది. 1994లో ఆ పరిమితి తీసేసింది. ఇప్పుడు కొలత మాటే: నడుస్తూ మాట్లాడగలగాలి, పాడాలంటే మాత్రం ఆయాసం రావాలి.

అసలు భయం పడిపోవడం గురించే. పొట్ట పెరిగేకొద్దీ బరువు ముందుకు వస్తుంది, హార్మోన్ల వల్ల కీళ్లు వదులవుతాయి, పాదాలు కనబడవు. కింద బెల్టేమో ఆగకుండా కదులుతుంటుంది. అందుకే సేఫ్టీ కీ క్లిప్పును బట్టలకు తగిలించుకోవాలి. పడబోతే తాడు లాగినట్టయి కీ ఊడుతుంది, యంత్రం ఆగిపోతుంది. పక్కపట్టీల మీద నిలబడి స్విచ్ వేసి, బెల్టు మెల్లగా కదిలాకే దాని మీద అడుగు పెట్టాలి. వేగం కొద్దికొద్దిగా పెంచాలి, ఎత్తు పెంచకూడదు. బెల్టు పూర్తిగా ఆగాకే దిగాలి. ఫోన్ చూడకూడదు. చీర కుచ్చిళ్లు, చున్నీ బెల్టుకు తగలకూడదు. ఎండాకాలంలో ఉక్కగదిలో నడవొద్దు. ఫ్యాను, పక్కన మంచినీళ్లు ఉండాలి.

కళ్లు తిరిగినా, ఛాతీ నొప్పి, తీవ్రమైన తలనొప్పి, పిక్కల వాపు కనిపించినా, పొట్ట పదేపదే బిగుసుకున్నా వెంటనే ఆపి డాక్టర్‌కు చూపించుకోవాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోతున్నా 108కి ఫోన్ చేయాలి.

ఈ నెల పరీక్షకు వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు తప్పక అడగండి: నా హిమోగ్లోబిన్ ఎంత? నేను రోజూ ఎంతసేపు నడవవచ్చు?